పెరట్లో దాల్చినచెక్క చెట్టు: గుణుపురం, రాయగడ, కోరాపుట్ వైపు వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇల్లు గుణుపురంలో. పెరట్లో మూడు దాల్చిన పొదలున్నాయి. కోరాపుట్‌లో మా అక్కయ్య వాళ్ళింట్లో ఇంకో రెండున్నాయి, వాటి బాగోగులు కూడా నేనే చూస్తాను. పులావులోకి ఆకు కోసుకోవడానికి వచ్చినవాళ్ళు, మొక్క ఇమ్మని వచ్చినవాళ్ళు, తీసుకెళ్ళి నాటాక అది ఎండిపోయి దిగులుగా తిరిగొచ్చినవాళ్ళు నన్ను అడిగిన ప్రశ్నలే ఇవి. పదిమందికీ విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాస్తే అందరికీ పనికొస్తుందని కూర్చున్నాను.

ఈ చెట్టు మన వైపు నిజంగా బతుకుతుందా? శ్రీలంకలో, కేరళలో పెరిగేది కదా?

బతుకుతుంది. దీని పుట్టిల్లు శ్రీలంక, మన పడమటి కనుమలు. ఏడాదికి 1500 నుంచి 2500 మిల్లీమీటర్ల వాన, గాలిలో తేమ, నీరు ఇంకిపోయే నేల ఉంటే హాయిగా పెరుగుతుంది. సముద్రమట్టం నుంచి 1000 మీటర్ల ఎత్తు దాకా దీనికి ఇబ్బంది లేదు. కోరాపుట్, సెమిలిగుడ, పొట్టంగి ఈ లెక్కకి దాదాపు సరిపోతాయి. గుణుపురం, రాయగడ, పర్లాకిమిడిలో వాన కాస్త తక్కువే అయినా అసలు చిక్కు అక్కడ లేదు. మనకి వానంతా జూన్ నుంచి అక్టోబరు లోపే కురిసిపోతుంది. ఆ తర్వాత ఏడెనిమిది నెలలు పొడి. సంక్రాంతి దాటాక మొదలుపెట్టి రోహిణి కార్తె ముగిసేదాకా మొదటి రెండేళ్ళూ మొక్కని కంటికి రెప్పలా చూసుకోవాలి. ఆ రెండు వేసవులూ గట్టెక్కితే మూడో వేసవిని అదే చూసుకుంటుంది.

ఎప్పుడు నాటాలి? గొయ్యి ఎంత తీయాలి?

మా ఊళ్ళో రథయాత్ర వానలే దీనికి ముహూర్తం. గొయ్యి మాత్రం మే నెలలోనే తీసి పెట్టుకోండి. అరమీటరు పొడవు, అరమీటరు వెడల్పు, అరమీటరు లోతు. నెల్లాళ్ళు ఎండనిచ్చి, పైమట్టిలో బాగా మాగిన పశువుల గత్తం కలిపి నింపేయాలి. మాగని పచ్చిపేడ వేస్తే వేడికి లేతవేళ్ళు కాలిపోతాయి, చెదలు కూడా చేరతాయి.

ఒకటి కంటే ఎక్కువ పెడితే మొక్కకీ మొక్కకీ 3 మీటర్లు వదలండి. గోడకి కనీసం 2 మీటర్లు. సంచిలో ఎంత మట్టం దాకా మట్టి ఉందో నేలలోనూ అంతే మట్టం ఉండాలి. కాండం ఇంకో నాలుగు వేళ్ళు లోపలికి పూడ్చేస్తే గట్టిగా నిలబడుతుందని కొందరనుకుంటారు. అలా పూడ్చిన మొక్కలే మొదలు కుళ్ళి పోతాయి.

రాయగడ వైపు ఎర్రగరప నేల దీనికి బాగా నచ్చుతుంది. వంశధార ఒడ్డున ఉన్న ఒండ్రు నేలల్లో నీరు నిలిచే చోటయితే ఒక అడుగు ఎత్తున గట్టు పోసి దాని మీద నాటండి. వేళ్ళ దగ్గర నీరు నిలిస్తే మొక్క కుంగిపోతుంది, బతికినా చెక్కలో కమ్మదనం తగ్గుతుంది.

నాటిన మొక్క ఏప్రిల్‌లోనే మాడిపోతోంది. ఏం చేయాలి?

అందరికంటే ఎక్కువమంది అడిగేది ఇదే. ముందు ఆకు చివర గోధుమరంగుకి తిరుగుతుంది. ఆ రంగు అంచుల వెంట లోపలికి పాకి, ముట్టుకుంటే అప్పడంలా విరుగుతుంది. అది తెగులు కాదు, ఎండదెబ్బ. అడవిలో ఈ చెట్టు పెద్ద చెట్ల నీడన పుట్టి పెరుగుతుంది. దాన్ని తెచ్చి సిమెంటు గచ్చు పక్కన, పడమటెండ పడే చోట పెడతాం, అక్కడే వస్తుంది చిక్కు.

నేను చేసేది చెప్తాను. మొక్కకి పడమటి వైపు ఒక అరటి పిలక పెడతాను. మొదటి ఏడు అది చాలదు కాబట్టి ఫిబ్రవరిలో రెండు కొబ్బరి మట్టలు వాలుగా గుచ్చి గొడుగులా నిలబెడతాను. పాదు నిండా ఎండుటాకులు, వరిగడ్డి జానెడు మందాన పరుస్తాను. కాండానికి ఒక బెత్తెడు దూరం వదిలేస్తాను, లేకపోతే చెదలు గడ్డి మీంచి కాండం మీదకి ఎక్కుతాయి.

నీళ్ళకి నాకు బాగా కలిసొచ్చింది పాత మట్టికుండ. అడుగున చిన్న చిల్లు పెట్టి, అందులో పాతచీర గుడ్డని వత్తిలా దూర్చి, కుండని మొక్క పక్కన మెడ దాకా పాతిపెట్టాను. రోజు విడిచి రోజు కుండ నింపి మూత పెడితే లోపల వేళ్ళకి తడి అందుతూ ఉంటుంది. వారం రోజులు ఊరెళ్ళాల్సి వచ్చినా పక్కింటి మౌసీకి "రెండు చెంబులు పోయండి చాలు" అని చెప్పి వెళ్ళగలను.

కోరాపుట్‌లో ఎండ కంటే చలే ఎక్కువ. దానికేం చేయాలి?

పెద్ద మొక్కకి ఏమీ అక్కర్లేదు. నాటిన మొదటి చలికాలం మాత్రం పుష్యంలో తెల్లవారుజామున మంచు బాగా పడే రోజుల్లో రాత్రిపూట పాత గోనెసంచి కప్పి, పొద్దున తీసేయండి. చలికి పెరుగుదల ఆగుతుంది, కంగారుపడి ఎరువు వేయకండి.

మొక్క ఎక్కడ దొరుకుతుంది? ఏ రకం అడగాలి?

కోళికోడ్‌లో ఉన్న భారత సుగంధద్రవ్య పంటల పరిశోధన సంస్థ నవశ్రీ, నిత్యశ్రీ అనే రెండు రకాలు విడుదల చేసింది. కొంకణ్‌లోని దాపోలి వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళది కొంకణ్ తేజ్. భువనేశ్వర్ ప్రాంతీయ పరిశోధనశాల కూడా ఒక రకాన్ని ఎంపిక చేసింది. పేరున్న రకం దొరికితే అదే తీసుకోండి. గింజ మొక్కల్లో ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది, తల్లిచెట్టు చెక్క ఎంత కమ్మనిదైనా పిల్లచెట్టు అలాగే ఉంటుందని చెప్పలేం.

నా మొదటి మొక్క సంగతి చెప్పాలి. ఒక నర్సరీలో దాల్చినచెక్క అని అడిగి డబ్బిచ్చి తెచ్చాను. నాలుగేళ్ళు నీళ్ళు పోసి, నీడపెట్టి, ఎరువేసి పెంచాను. నాలుగో ఏట చిన్న కొమ్మ బెరడు గీకి నోట్లో వేసుకుంటే వాసన ఉంది గానీ తీపీ లేదు, ఘాటూ లేదు. అది బిర్యానీ ఆకు చెట్టు. చెట్టుని తిట్టుకోలేదు, ఇప్పటికీ ఉంది, ఆకు వాడుతున్నాం. కానీ నాలుగేళ్ళు పోయాయన్న బాధ మాత్రం పోలేదు. అందుకే కొనేముందే అడిగి, పక్క కొమ్మది గోరంత బెరడు గీకి నమలండి. దాల్చినకైతే ముందు తీపి, వెనకే నాలుక మీద వేడి తెలుస్తాయి.

బిర్యానీ ఆకు చెట్టూ, దాల్చిన చెట్టూ ఒకటే కాదా?

అక్కచెల్లెళ్ళు. ఒడియా వాళ్ళు తేజపత్ర అనేది హిమాలయాల కింది కొండల్లో పెరిగే చెట్టు. దాని ఆకు సన్నగా పొడుగ్గా ఉంటుంది. దాల్చిన ఆకు వెడల్పుగా, మందంగా, నూనె రాసినట్టు మెరుస్తుంది. రెంటిలోనూ తొడిమ దగ్గర్నుంచి మూడు ఈనెలు చివరి దాకా సాగుతాయి, అందుకే పోల్చుకోవడం కష్టం. దాల్చిన ఆకు నలిపి వాసన చూస్తే లవంగం గుర్తొస్తుంది. లవంగంలో ఉండే యూజినాల్ అనే వాసన నూనే ఈ ఆకులోనూ ఎక్కువ. బెరడులో ఉండేది ఇంకొకటి, సినమాల్డిహైడ్. వేరు బెరడులో కర్పూరం. ఒకే చెట్టు ఆకులో లవంగం, కొమ్మలో దాల్చిన, వేరులో కర్పూరం దాచుకుంది. దీన్ని ఇంత ముద్దుగా పెంచుతున్నానంటే సగం కారణం ఇదే.

పచ్చి ఆకైనా, నీడన ఆరబెట్టిందైనా పులావులో, కుర్మాలో బిర్యానీ ఆకు బదులు వేసుకోవచ్చు. వాసన ఎక్కువ కాబట్టి ఒకటి చాలు.

మా అబ్బాయి అమెరికాలో వర్జీనియాలో ఉంటాడు. అక్కడ వాళ్ళ ఇంటి వెనక ససాఫ్రాస్ అనే చెట్టు ఉందట, ఆకు నలిపితే మంచి వాసనట. గింజలు తెమ్మంటారా?

వద్దండి. రెండు కారణాలు. విదేశాల నుంచి విత్తనం తేవాలంటే ముందుగా అనుమతి, ఆ దేశపు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. జేబులో వేసుకుని రావడం చట్టం ఒప్పుకోదు. ఇక రెండోది, వచ్చినా మన దగ్గర అది బతకదు. దాని గింజ మొలకెత్తాలంటే నెలల తరబడి గట్టి చలిలో, తడి నేలలో నిద్రపోవాలి. చెట్టుకి కూడా ఏటా ఆకంతా రాల్చి మంచులో విశ్రాంతి తీసుకునే కాలం కావాలి. మన సెమిలిగుడ చలి దానికి సరిపోదు.

కానీ ఆ చెట్టు గురించి తెలుసుకోవడం మంచిదే, మన దాల్చినకి దూరపు చుట్టం. ఇద్దరిదీ ఒకే కుటుంబం. అమెరికా తూర్పు రాష్ట్రాల్లో అడవంచుల్లో, పాత పొలాల గట్ల మీద పెరుగుతుంది. ఒకే కొమ్మకి మూడు రకాల ఆకులు కాస్తాయి: ఒకటి మామూలుగా కోలగా, ఒకటి బొటనవేలు విడిగా ఉన్న చేతి తొడుగులా, ఒకటి మూడు పాయలుగా. ఆకు రాలే ముందు పసుపు, నారింజ, ఎరుపు రంగులకి తిరుగుతుంది. వసంతంలో ఆకు రాకముందే పసుపు పూలు పూస్తుంది. ఆడ, మగ చెట్లు వేరువేరు, కాబట్టి కాయ కావాలంటే రెండూ ఉండాలి. కాయ ముదురు నీలం, దాని కాడ ఎరుపు.

మీ అబ్బాయికి దాన్ని ఇంటి తోటలో పెంచుకోవాలని ఉంటే ఈ మాటలు చెప్పండి. అడవిలో కనబడ్డ మొక్కని పీకి తెస్తే బతకడం కష్టం. దానికి లోతుగా దిగే తల్లివేరు ఉంటుంది, పైగా చాలా పిల్లమొక్కలు పెద్దచెట్టు వేరు నుంచి లేచిన పిలకలే, వాటికి సొంత వేళ్ళు అంతగా ఉండవు. నర్సరీలో కుండీలో పెంచిన చిన్నమొక్క తెచ్చి, కదపక్కర్లేని చోట నాటాలి. కాస్త పులుపు నేల, నీరు ఇంకే చోటు, ఎండ బాగా తగలాలి. ఒకే చెట్టుగా ఉంచాలంటే చుట్టూ లేచే పిలకలని ఏటా తీసేస్తూ ఉండాలి. వదిలేస్తే కొన్నేళ్ళకి గుంపవుతుంది. జార్జియాలో 2002లో మొదట కనబడిన ఒక చిన్న పురుగు మోసుకొచ్చే శిలీంధ్రం వల్ల లారెల్ విల్ట్ అనే తెగులు ఆ కుటుంబపు చెట్లలో చాలావాటిని పట్టి ఎండగడుతోంది. అందుకని ఎక్కడి నుంచో కట్టెలు తెచ్చి ఇంటి దగ్గర పెట్టొద్దని చెప్పండి.

దాని వేరు బెరడుతో పూర్వం కషాయం, రూట్ బీర్ అనే పానీయం చేసేవారు. అందులోని సాఫ్రోల్ అనే పదార్థం ఎలుకల్లో కాలేయ కణితులు తెచ్చిందని తేలాక 1960లో అక్కడి ప్రభుత్వం దాన్ని తిండిలో కలపకూడదని నిషేధించింది. లూసియానాలో ఎండిన ఆకుపొడి మాత్రం గంబో అనే పులుసులో చిక్కదనానికి ఇప్పటికీ వేసుకుంటారు, ఆకులో సాఫ్రోల్ దాదాపు ఉండదు.

దాల్చినని గింజ నుంచి పెంచవచ్చా?

పెంచవచ్చు, ఆలస్యం చేయకూడదు. పండు వానలు మొదలయ్యే రోజుల్లో ముదురు ఊదారంగుకి తిరుగుతుంది, చిన్న గిన్నెలో కూర్చున్నట్టుంటుంది. పిట్టల కంటే ముందు కోసుకోవాలి. గుజ్జు కడిగేసి ఆ రోజో మర్నాడో ఇసుక, మట్టి, గత్తం కలిపిన సంచిలో నాటండి. రెండు మూడు వారాల్లో మొలక వస్తుంది. ఎండబెట్టి డబ్బాలో దాచి దసరాకి వేస్తే ఒక్కటీ మొలవదు, దీని గింజకి జీవం నిలవదు. మొలకని ఏడాది పాటు నీడన సంచిలోనే పెంచి మరుసటి రథయాత్రకి నేలలో పెట్టండి.

అంటు కట్టుకోవచ్చా?

గాలి అంటు బాగా వస్తుంది. వానాకాలంలో పెన్సిలు కంటే కొంచెం లావుగా ఉన్న, మరీ ముదరని కొమ్మ చూసుకోండి. రెండు వేళ్ళ వెడల్పున బెరడుని ఉంగరంలా తీసేసి, లోపలి జిగురుపొర గుడ్డతో తుడిచి, తడిపిన కొబ్బరిపీచు కట్టి, పైన ప్లాస్టిక్ కాగితం చుట్టి రెండువైపులా బిగించాలి. రెండు మూడు నెలల్లో కాగితంలోంచి తెల్లటి వేళ్ళు కనబడతాయి. అప్పుడు కింద కోసి సంచిలోకి మార్చుకోవాలి. తల్లిచెట్టు గుణమంతా వస్తుంది కాబట్టి చెక్క బాగున్న చెట్టు చుట్టాల ఇంట్లో ఉంటే గింజ అడక్కండి, అంటు కట్టుకుంటానని అడగండి.

అపార్ట్‌మెంట్‌లో కుండీలో పెంచవచ్చా?

ఆకు కోసమైతే పెంచవచ్చు. అడుగున చిల్లులు పెట్టిన పాత నీళ్ళ డ్రమ్ము సగానికి కోసింది బాగుంటుంది. చెక్క మీద ఆశ పెట్టుకోవద్దు.

ఎరువు ఎంత వేయాలి?

ఏటా వానలు మొదలయ్యే ముందు రెండు తట్టల మాగిన గత్తం. రసాయన ఎరువు వేసేవాళ్ళకి లెక్క: మొదటి ఏడాది మొక్కకి మొత్తం 40 గ్రాముల యూరియా, 110 గ్రాముల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, 40 గ్రాముల పొటాష్. దాన్ని రెండు భాగాలు చేసి ఒకటి జూన్‌లో, ఒకటి సెప్టెంబరు చివర వేయాలి. ఏటేటా కొంచెం పెంచుకుంటూ పోవాలి. నేను గత్తం, వేపపిండితోనే నెట్టుకొస్తున్నాను, పెరుగుదల నెమ్మదిగా ఉన్నా నాకు సరిపోతోంది.

కొత్త ఆకులు ఎర్రగా వస్తున్నాయి. తెగులా?

కాదు. చివుళ్ళు ఎర్రగానే పుడతాయి, రెండు వారాల్లో ఆకుపచ్చకి తిరుగుతాయి. మామిడి చిగురు చూసినవాళ్ళకి కొత్తేమీ కాదు.

ఏదో పురుగు లేతాకులన్నీ తినేస్తోంది. మందు కొట్టాలా?

ముందు ఆ పురుగుని దగ్గరగా చూడండి. నల్లటి ఒంటి మీద పసుపు మచ్చలు, వీపు వెంట ఎర్రటి చుక్కలు ఉంటే అది సీతాకోకచిలుక పిల్ల. దాల్చిన సీతాకోకచిలుక అని దీనికి పేరే ఉంది. గుడ్డు పెట్టడానికి దీనికి ఈ కుటుంబపు చెట్లే కావాలి. అక్కడ అమెరికాలో ససాఫ్రాస్ ఆకుని తిని పెరిగే సీతాకోకచిలుక కూడా దీని బంధువే. ఖండాలు దాటినా చెట్టు చుట్టరికం ఈ పురుగులకి తెలిసినట్టుంది.

పెద్ద పొదకి నాలుగు పురుగుల వల్ల నష్టం లేదు, వదిలేయండి. నాటిన మొదటి ఏడాది మొక్కకి పది పన్నెండు ఆకులే ఉంటాయి కాబట్టి చేత్తో ఏరి పెద్ద చెట్టు మీదకి మార్చండి. నేను అలాగే చేస్తాను. తినే ఆకు మీద, వంటలో వేసుకునే చెక్క మీద పురుగుమందు కొట్టడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

ఆకుల మీద చిన్న చిన్న బొడిపెలు వచ్చాయి.

కంటికి సరిగా ఆనని నల్లులు, పేను లాంటి చిన్న పురుగులు రసం పీల్చడం వల్ల ఆకు అలా ఉబ్బుతుంది. బాగా పట్టిన కొమ్మలు కత్తిరించి కాల్చేయండి. చెట్టు చావదు.

ఆకు మీద గోధుమరంగు మచ్చలు, కొమ్మ చివరి నుంచి ఎండుతూ వస్తోంది. ఇదైనా తెగులేనా?

ఇది తెగులే. వానాకాలంలో శిలీంధ్రం వల్ల వస్తుంది. ఎండిన కొమ్మని పచ్చిభాగం నాలుగు వేళ్ళు కలిపి కోసేయాలి. తర్వాత ఒక శాతం బోర్డో మిశ్రమం కొట్టాలి. 5 లీటర్లకి 50 గ్రాముల మైలుతుత్తం, 50 గ్రాముల పొడిసున్నం. మైలుతుత్తాన్ని ఒక ప్లాస్టిక్ బకెట్లో రెండున్నర లీటర్ల నీళ్ళలో కరిగించండి. సున్నాన్ని ఇంకో బకెట్లో అన్నే నీళ్ళలో కలిపి వడకట్టండి. ఆ సున్నపునీళ్ళలోకి మైలుతుత్తం నీళ్ళు నెమ్మదిగా పోస్తూ కర్రతో కలపాలి, అటుది ఇటు చేయకూడదు. ఇనప గిన్నె, ఇత్తడి గిన్నె వాడొద్దు. తయారయ్యాక శుభ్రమైన ఇనప మేకు ఒక నిమిషం ముంచి తీయండి. మేకు మీద ఎర్రగా రాగిపూత కనబడితే సున్నం చాలలేదని గుర్తు, ఇంకొంచెం కలపండి. చేసిన రోజే వాడేయాలి. కొట్టాక ఆకు వంటకి కోయకండి, గట్టివానలు కడిగి కొత్త చిగురు వచ్చి ముదిరేదాకా ఆగండి.

చెట్టు ఇప్పుడు పది అడుగులుంది, చాలా బాగుంది. దాన్ని నరకమంటున్నారా?

నరకమనే అంటున్నాను. అందరూ ఆగిపోయేది ఇక్కడే. మా అక్కయ్య కూడా, "కన్నబిడ్డలా పెంచి ఎలా నరకమంటావురా?" అని రెండేళ్ళు కత్తి పట్టనివ్వలేదు. ఆ రెండేళ్ళలో చెట్టు ఇంటి కప్పుకి అందింది, మొదలు తొడంత లావయింది, చెక్కకి పనికొచ్చే కొమ్మ ఒక్కటి లేకుండా పోయింది. ముదురు కాండం బెరడు మందంగా, బిరుసుగా ఉంటుంది, ఒలిచినా చుట్టుకోదు.

దాల్చినని చెట్టుగా పెంచితే నీడ వస్తుంది. పొదగా పెంచితేనే చెక్క వస్తుంది. నాటిన రెండు మూడేళ్ళకి, కాండం నిలువెత్తు దాటాక, వానలు కుదురుకున్న జూన్ చివరిలోనో జూలైలోనో నేల నుంచి జానెడు ఎత్తులో ఏటవాలుగా రంపంతో కోసేయండి. మోడు చుట్టూ మట్టి ఎగదోసి కప్పండి. నెల తిరిగేసరికి మట్టిలోంచి ఎర్రగా పిలకలు లేస్తాయి. వాటిలో నిటారుగా, బలంగా ఉన్నవి నాలుగో ఆరో ఉంచి మిగతావి తీసేయండి. పక్కకొమ్మలు గిల్లేస్తూ ఉంటే కర్రలా తిన్నగా సాగుతాయి. శ్రీలంక తోటల్లో ఈ పద్ధతే, కన్నూరు దగ్గర ఈస్టిండియా కంపెనీ కాలంనాటి అంజరకండి తోటలోనూ ఒకప్పుడు ఇదే. ఒకసారి నాటిన మొదలు ఎన్నో ఏళ్ళు ఇలా పిలకలిస్తూనే ఉంటుంది.

మా అక్కయ్య చివరికి ఒప్పుకుంది. కోసిన రోజు ఇంట్లోంచి బయటికి రాలేదు. ఆగస్టులో ఫోన్ చేసి, "ఏడు పిలకలొచ్చాయి, ఏవి ఉంచను?" అని అడిగింది.

చెక్క ఎప్పుడు తీయాలి? ఎలా తీయాలి?

పిలక బొటనవేలంత లావయ్యాక, బెరడు ఆకుపచ్చ పోయి గోధుమరంగుకి తిరిగాక. అంటే కోసిన రెండేళ్ళకి. కాలం మాత్రం సెప్టెంబరు నుంచి నవంబరు దాకా. వానకి చెట్టులో రసం బాగా ఆడుతుంది, అప్పుడే బెరడు కర్రని వదులుతుంది. నేను మొదటిసారి తెలియక సంక్రాంతి సెలవుల్లో కూర్చున్నాను. అంగుళం అంగుళం చీలికలుగా వచ్చింది, వేలు కూడా కోసుకున్నాను. కాబట్టి ముందు ఒక పిలక మీద చాకుతో చిన్న గాటు పెట్టి ఎత్తి చూడండి. అరటితొక్కలా లేస్తే సరే, లేకపోతే ఇంకో వాన పడేదాకా ఆగండి.

పొద్దున్నే కోసి ఆ రోజే ఒలవాలి. ఆకు, చివర్లు తీసేసి, మొండి చాకుతో పైన ఉన్న గోధుమరంగు పొరని గీకేయండి. కింద లేత పసుపు-పచ్చ పొర కనబడగానే ఆపేయాలి, వాసన అంతా అందులోనే. తర్వాత కర్రని ఇత్తడి కాడతో, లేదా గరిటె కాడతో అన్నివైపులా గట్టిగా రుద్దాలి. శ్రీలంకలో ఒలిచేవాళ్ళు ఇత్తడి కడ్డీయే వాడతారు. రుద్దుతుంటే చేతికి ఒక మార్పు తెలుస్తుంది: ముందు బిగుసుకుని ఉన్న బెరడు లోపల తడిగా జారడం మొదలవుతుంది. అప్పుడు అడుగు దూరంలో రెండు చోట్ల చుట్టూ గాటు పెట్టి, ఆ రెంటి మధ్య నిలువుగా ఎదురెదురుగా రెండు గీతలు గీసి, చాకు మొన లోపలికి జార్చి నెమ్మదిగా తోయండి. సగం గొట్టంలా ఊడి వస్తుంది. లోపలి వైపు తెల్లగా, చెమట పట్టినట్టు ఉంటుంది. ఆ క్షణాన లేచే వాసన బజారులో కొన్న ఏ పొట్లంలోనూ నాకు దొరకలేదు.

ఒకదానిలో ఒకటి దూర్చి, ఒక రోజు నీడన, తర్వాత నాలుగైదు రోజులు లేత ఎండన ఆరబెడితే వాటంతటవే లోపలికి చుట్టుకుంటాయి. గట్టి ఎండన పెడితే వాసన పోతుంది. విరిస్తే టక్కుమని విరిగాక గాజుసీసాలో పెట్టండి. ముక్కలు, పొట్టు పారేయకండి, టీలో వేసుకోవచ్చు.

ఎంత వస్తుంది?

నాకు ఒక పొద నుంచి మొదటి కోతలో గుప్పెడు వచ్చింది. రెండో కోత నుంచి ఇంటికి ఏడాదికి సరిపడా వస్తోంది. అమ్ముకుందామని మూడు చెట్లు పెట్టకండి.

బజారు చెక్కకీ దీనికీ తేడా ఏముంది?

దాల్చిన అన్న మాట పారశీకం నుంచి వచ్చింది, చీనా మాను అని అర్థం. బజారులో ఎక్కువగా దొరికేది ఆ చీనా చెక్కే, లేదా ఇండొనేషియా, వియత్నాం చెక్క. కాసియా అంటారు. మందంగా, గట్టిగా, ఒకటే పొరగా ఉంటుంది, పంటితో కొరకలేం. మన పెరటి చెక్క కాగితంలా పల్చటి పొరలుగా చుట్టుకుని ఉంటుంది, వేళ్ళ మధ్య నలిగిపోతుంది, రంగు తేలిక. ఘాటు తక్కువ, తీపి ఎక్కువ. మాంసం మసాలాకి కాసియా ఘాటే కావాలనేవాళ్ళు ఉన్నారు, అది నాలుక అలవాటు. పాయసానికి, టీకి పెరటి చెక్కకి సాటి లేదు.

షుగరుకి రోజూ దాల్చిన పొడి తాగమంటున్నారు. మన చెట్టుది వాడొచ్చా?

వంటలో వేసుకున్నంత వేసుకోండి. మందు మానేసి దీన్ని తాగడం మాత్రం ఒప్పుకోను. డాక్టరు గారికి చెప్పకుండా మొదలుపెట్టొద్దు. ఎందుకంటే కాసియాలో కూమరిన్ అనే పదార్థం ఎక్కువ. అది కొందరికి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ రోజుకి కిలో బరువుకి 0.1 మిల్లీగ్రాము దాటకూడదని చెప్పింది. 60 కిలోల మనిషి రోజూ 2 గ్రాముల కాసియా పొడి తింటే ఆ హద్దుకి చేరిపోతాడని జర్మనీ సంస్థ లెక్కగట్టింది. అంటే సుమారు చిన్నచెంచాడు. మన పెరటి రకంలో కూమరిన్ చాలా తక్కువ, అయినా గర్భిణులు, కాలేయం జబ్బున్నవాళ్ళు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళు చెంచాల లెక్కన తినకూడదు.

తుఫానుకి నిలబడుతుందా?

2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ అక్టోబరులోనే వచ్చాయి. తిత్లీ పర్లాకిమిడి, గజపతి జిల్లా కొండలని ఎంత దెబ్బతీసిందో ఇక్కడివాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. పొదగా ఉంచిన దాల్చినకి గాలి పట్టు దొరకదు, వంగి లేస్తుంది. చెట్టుగా వదిలింది విరుగుతుంది. విరిగినా కంగారుపడకండి, చీలిన చోటికి కింద శుభ్రంగా రంపంతో కోసి మోడుకి మట్టి ఎగదోయండి, మళ్ళీ పిలకలు వేస్తుంది. గాలి కంటే తర్వాత నిలిచే నీరే దీనికి ప్రమాదం. వాన తెరిపివ్వగానే పారతో కాలువ తీసి పాదులో నీళ్ళు బయటికి వదలండి.

పువ్వు వాసన బాగాలేదేమిటి?

చలికాలంలో చిన్న చిన్న తెలుపు-పసుపు పూలు గుత్తులుగా వస్తాయి. ఇంత కమ్మని చెట్టుకి పూల వాసన మాత్రం బాగుండదు, నిజమే. పడకగది కిటికీ కింద నాటకండి. కోస్తూ ఉండే పొదకి పూత పెద్దగా రాదు.

కాయలు పిట్టలు తింటున్నాయి. వల కట్టాలా?

గింజ కావాలంటే ఒక గుత్తికి పాత దోమతెర ముక్క కట్టండి. మిగతావి పిట్టలకి వదిలేయండి. అవి గింజలు తెచ్చి కంచె పక్కన, తీగలు సాగే చోట రాలుస్తాయి, వానాకాలంలో అక్కడ మొలకలు లేస్తాయి. మా మూడో పొద అలా వచ్చిందే, పక్కింటి మౌసీ వాళ్ళ ముందు వాకిట్లో ఉన్నది కూడా.